సముద్రానికి వాత

ఇంటివాళ్ళు ఆగస్టులోనే కారెక్కి సౌదీ దాటిపోయినారు.
ముసలామెకు కారులో చోటు చాలలేదు.
నా మాట ఎవరూ ఎత్తలేదు.
అట్లా ఫహాహీల్‌లో ఆ ఇంటికి ఇద్దరం మిగిలినాం,
మంచం దిగలేని ఉమ్ మర్జూఖ్,
పెనగలూరు ఓబుళమ్మను నేను.

జనవరికంతా కిటికీలకు దుప్పట్లు మేకులు కొట్టుకున్నాం.
రాత్రిళ్ళు విమానాలు పోయేవి,
మిద్దె మీద ఎవరో గోనె సంచులు ఈడ్చుకుపోతున్నట్టు.
చప్పుడు లేని రాత్రే నిద్ర పట్టేది కాదు.

ఆ రాత్రి ఒక చప్పుడు సగంలో తెగింది,
దగ్గొస్తే బిగబట్టుకున్న మనిషి మాదిరి.
ఎక్కకూడదని తెలిసీ మిద్దెక్కినా.
సముద్రం మీద ఒక మంట
వాలుగా, తొందర లేకుండా, దిగుతా ఉంది.
పేలలేదు.
నీళ్ళు దాన్ని తీసుకున్నాయి, అంతే.
ఎదురు బడిలో దిగిన సైనికులు
ఆకాశంలోకి తుపాకులు కాల్చి ఈలలేసినారు.
గొడుగేదన్నా తెల్లగా విచ్చుకుంటుందేమోనని
మెడ పట్టేసేదాకా చూసినా.
చలికి పళ్ళు టకటకమంటున్నాయి.

కిందికొస్తే ముసలామె అడిగింది: ఎంతమంది?
ఎవరిదని అడగలేదు.
విమానం నడపడానికి ఎంతమంది కావాలో నాకేం తెలుసు,
మా రాజంపేట బస్సుకైతే ఇద్దరు.
పెద్దదే మామా, నలుగురో, ఆరుగురో, అన్నా.
వేళ్ళు మడుచుకుంటా పోయి
ఆరు కాడ ఆగింది.

మూడోనాడు కాపలా పిల్లోడు రొట్టెకొచ్చినాడు.
చల్లూబ్ వాని పేరు, అమారా పక్కన రెల్లుగడ్డి ఊరంట,
మీసం ఇంకా రాలేదు.
చొక్కాలోంచి ఒక గుడ్డ తీసినాడు,
ఉప్పుకు బిరుసెక్కి, ఒక మూల కాలిపోయి.
పైన ఏదో జెండా, కింద నాలుగైదు భాషల రాత.
అయిదు దాకా చదివినాడంట.
వేలు పెట్టి కూడబలుక్కున్నాడు:
నాకు నీ భాష రాదు.
నీకు కీడు చెయ్యను.
నన్ను మావాళ్ళ దగ్గరికి చేర్చు.
నీకు బహుమానం ఇస్తారు.
బహుమానం కాడ నవ్వబోయి ఆగిపోయినాడు.
పిండి చేతులతో అట్లే నిలబడినా.
ఈ దేశంలో విమానం దిగిన రోజు
వీసా కాగితం ఎదకు అదుముకొని
నేను చెప్పాలనుకున్న మాటలూ అవే,
బహుమానం ఒక్కటి తప్ప.

పొద్దు గూకినాక ఉమ్ మర్జూఖ్ ఖర్జూరపు మట్ట తెమ్మంది.
వాళ్ళ నాయన ముత్యాలకు మునిగే పడవల్లో పోయేవాడంట,
నాలుగు నెలలు.
రావడం ఆలస్యమైతే ఆడోళ్ళు ఒడ్డుకు పోయి
మండే మట్టతో సముద్రానికి వాత పెట్టేవాళ్ళంట,
ఇంక చాలు, మనుషుల్ని ఇచ్చెయ్యి, అని.
వాత సంగతి నాకొకరు చెప్పాలా.
పసిరికలకు మా జేజి వేయించింది
మణికట్టు మీద ఇప్పటికీ ఉంది.

ఒడ్డు పొడుగునా ముళ్ళకంచె, మందుపాతరలు.
బట్టలుతికే తొట్టిలో నీళ్ళు పట్టి
రెండు గుప్పిళ్ళు ఉప్పు కలిపినా.
వేలు ముంచి రుచి చూసి, చాలదంది.
ఇంకో గుప్పెడు.
ఆమెను బొంత మీద స్నానాల గదిలోకి ఈడ్చుకొచ్చి,
తలుపు సందులో తువ్వాలు దోపి,
మట్ట అంటించినా.
సుయ్.
సుయ్.
పొగకు ఇద్దరి కళ్ళూ కారుతున్నాయి.
అయిదుకే మట్ట ఆరిపోయింది.
మళ్ళీ అంటించమంది.
ఆరు పెట్టినాక ఇంకోటి అంది.
ఏడోది ఎవరికి మామా?
ఆ గుడ్డ తెచ్చిన పిల్లోనికి, అంది,
ముందుగానే.

తెల్లారి చూస్తే నీళ్ళ మీద మసి తేలతా ఉంది.
పారబోస్తానంటే వద్దంది.
ఆ నెలంతా
బట్టలు బకెట్లో ఉతికినా.