గుండీల డబ్బా

వూచ్‌లో మిల్లు మూతబడిన ఏడేళ్లకి
మా నాలుగో అంతస్తు వంటింట్లో
మళ్ళీ ఒక యంత్రం మోత.
అమ్మ గరిటె ఆపి చెవి ఒగ్గింది.
"బేరింగు అరిగింది."
బేరింగు కాదమ్మా, ఫ్యాను, అన్నాడు లెషెక్.

మూత తీసిన పెట్టె భోజనాల బల్ల మీద,
అన్న నోట్లో టార్చి,
చేతిలో నన్నడక్కుండా తీసుకున్న
నా కనుబొమల పట్టకారు.
బోర్డు మీద జంటలు జంటలుగా సూదులు,
ఒక జంట నెత్తిన మినపగింజంత నల్ల టోపీ.
జంపరంటే అంతే.
అది ఇక్కడుంటే అరవై ఆరు,
ఒక్క గడి పక్కకి జరిగితే వంద.
మూడొందల చిప్పు నాలుగొందల యాభైగా పరిగెడుతుంది,
అదే ధరకి.

"అదే జీతానికా!" అమ్మ నవ్వింది.
"మా ఫోర్‌మన్ కూడా రాత్రి షిఫ్టులో
పళ్ళచక్రం మార్చేసి పోయేవాడు.
నాడె పిచ్చెత్తినట్టు తిరిగేది,
పడుగు తెగేది.
తెగిన పోగుకి జరిమానా ఆయనకి కాదు, మాకు."

అన్న వినలేదు. పట్టకారు జారింది,
టోపీ ఎగిరి కార్పెట్లో పడింది.
మేమిద్దరం మోకాళ్ళ మీద అరగంట.
అమ్మ వచ్చింది, కళ్ళు మూసుకుంది,
నేతలో తెగిన పోగుని వెతికినట్టు
అరచెయ్యి ఒకసారి ఆడించింది.
"ఇదేనా?"

ఆ రాత్రి జనవరి కిటికీ బార్లా తెరిచి
కోట్లు తొడుక్కుని కూర్చున్నాం.
తెర మీద నాలుగొందల యాభై.
నలభై నిమిషాలకి బిగుసుకుపోయింది.
మళ్ళీ విప్పు, మళ్ళీ జరుపు, మళ్ళీ మూత.
అన్న వేళ్ళ నిండా రేకు అంచుల గీతలు.

తర్వాతి బోర్డుకి ఆ సూదులు లేవు.
డిలీట్ మీట నొక్కితే నీలం తెర,
బాణం మీటతో అంకె పెంచడం,
అవునా కాదా అంటే అవును.
వేళ్ళ మీద గీతల్లేవు, కార్పెట్లో వెతుకులాట లేదు.
అన్న మురిసిపోయాడు.
నాకు మాత్రం ఏదో తక్కువైంది.
టోపీ ఎక్కడుందో
కరెంటు లేకున్నా వంగి చూస్తే తెలిసేది.
ఈ బయోస్ తన మనసులో మాట
బతికుంటేనే చెబుతుంది.

మొన్న నవంబరులో తెలిసింది ఆ సంగతి.
లెషెక్ కొడుకు ఇగ్నాత్సి
వాళ్ళ నాన్న ఊళ్ళో లేనప్పుడు చూసి
అంకెల్ని ఆకాశానికెత్తాడు.
తెర నలుపు. ఫ్యాన్లు మాత్రం రొద పెడుతున్నాయి.
అంకె తగ్గించాలంటే నీలం తెర రావాలి,
నీలం తెర రావాలంటే అంకె తగ్గాలి.
తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టు.

పెట్టె విప్పాం. బ్యాటరీ పక్కన, ఒక మూల,
ఇన్నేళ్ళకీ ఎవరూ పీకెయ్యని మూడు సూదులు.
వాటికి టోపీ లేదు.
స్క్రూడ్రైవరుతో తాకించొచ్చు గాని
నా చెయ్యి వణుకుతుంది ఇప్పుడు.
అమ్మ ఏమీ అడగలేదు.
బీరువాలోంచి గుండీల డబ్బా తెచ్చి
బల్ల మీద బోర్లించింది.
చొక్కా గుండీలు, యూనిఫారం కొక్కేలు,
ఒక నాడె కొస,
వాటి మధ్య నల్లగా, మినపగింజంత.
"దాచావా?"
"పారెయ్యమని ఎవరూ చెప్పలేదుగా."

పాతికేళ్ళలో వేగాలు ఎక్కడికో పోయాయి,
సూదికీ సూదికీ మధ్య ఎడం
అలాగే ఉంది. టోపీ సరిగ్గా కూర్చుంది.
ఇగ్నాత్సి పది లెక్కపెట్టాడు,
అమ్మ ఇరవై దాకా పెట్టమంది.

తెర వెలిగింది.
అంకెలన్నీ మరిచిపోయి, కడిగిన పలకలా,
తేదీ చెప్పమంది.
పిల్లవాడు మీటల వైపు చెయ్యి చాచాడు.
"ఆగు," అంది గెనొవేఫా,
"ముందు నా టోపీ నాకిచ్చెయ్."