రెండు గొట్టాలు

తో-అషూ కనుమ ఎక్కుతూ ఎక్కుతూ
మా మోస్క్‌విచ్ కొండెక్కింది.
సూది ఎర్రగీత దాటేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి.
రేడియేటర్ మూత మీదికి పోయిన నా చేతిని
గుర్రప్పాలు అమ్మే బురుల్‌కాన్ ఫట్మని కొట్టింది:
"మొహానికి తోలు అక్కర్లేదా?"

గొట్టాలు రెండూ తడిమి చూసింది.
పైది నిప్పు.
కిందిది ఏటిరాయి.
"ఇక్కడింత రగులుతుంటే
ఆ రేడియేటర్‌కి కబురే అందలేదు" అంది.

వెనక సీట్లో మామ.
కారాబాల్తా దాటాక ఆయనా నేనూ మాట్లాడుకోలేదు.
ఇంజను చల్లారేదాకా చెరో గిన్నెడు పుల్లటి పాలు తాగాం,
డబ్బు ముందే తీసుకుంది.

అప్పుడు విప్పింది థర్మోస్టాట్.
గుడారం వెనక చచ్చిపడున్న బండిలోది ఇంకొకటి తెచ్చింది,
రెంటికీ దారం కట్టి
ఎవరూ తాగని సత్తుగిన్నెలోకి దించింది.
ఇంత ఎత్తున నీళ్లు తొందరగా మరుగుతాయి.
చచ్చిన బండిది చేపలా నోరు తెరిచింది.
నాది తెరవలేదు.
మామ కూడా దిగొచ్చి వంగి చూశాడు.
"ఇంకాసేపు ఉంచమ్మా" అన్నాడు, ఎందుకో.

కొత్తగా నీళ్లు పోసి, గొట్టం పిసికి పిసికి గాలి తీసి
హీటర్ పూర్తిగా తిప్పిపెట్టింది, జూలై నెలలో.
సూసమీర్ దాకా చెమటలు కక్కుకుంటూ పోయాం.
మామ టోపీ తీశాడు, చొక్కా గుండీలు తీశాడు,
ఏదో పాత సంగతి మొదలుపెట్టి
మధ్యలో ఆపేశాడు.

పాడైన థర్మోస్టాట్ నా దగ్గరే ఉంది.
టీకి నీళ్లు పెట్టినప్పుడల్లా
ఇంకోసారి వేసి చూద్దామా అనిపిస్తుంది.