ఇరవైమూడో నంబరు

గుంతకల్లులో మూతబడిన టాకీసును
ఆరు దినాలకని మళ్ళా తెరిపించినారు.
మూడు దిక్కుల రైళ్ళు కలిసేది ఈడే గదా,
జడ్జీలు యాడి నుంచి వచ్చినా సులువని
ఢిల్లీ ఆఫీసులో ఎవురో పటం మీద వేలు పెట్టినారంట.
బీగంచెవి ఇంకా నా మొలతాడుకే ఉండె.

ఐదు కుర్చీలకే దుమ్ము దులిపినా.
తక్కిన నాన్నూరూ గబ్బిలాలకు.

సెక్రటరీ వకుళమ్మ ముందుగాల నాతో సంతకం పెట్టించె.
"ఈడ చూసింది ఈడనే మర్చిపోవాల, ఉరుకుందూ."
కార్బన్ కడ్డీలు మండించిన చేతికి
ఒక మీట ఇచ్చి, నొక్కు అనె.

పేర్లుండవు. సినిమా అయినా, టీవీ నాటకమైనా
నంబరే.
కడాకు పేర్లు పడేచోట నలుపు పూసి పంపినారు.
సంగీతం మాత్రం నలుపు మీద పోతా ఉంటాది.
నలుపు ఎంతసేపుంటే అంతమంది పనిచేసినట్టు,
నా లెక్క అది.
మూడో నంబరుకు ఆరు నిమిషాల నలుపు.

జడ్జీల కాగితంలో గళ్ళు:
కథకు, నటనకు, కెమెరాకు, కూర్పుకు, శబ్దానికి.
పెన్సిలు కూడదు. కొట్టేస్తే పక్కన పొట్టి సంతకం.
సాయంత్రానికి అన్నీ ఇనపపెట్టెలోకి,
దానికి రెండు బీగాలు, చెవులు ఇద్దురి దగ్గర.

తనవాళ్ళ బొమ్మ వస్తే లేచి బయట కూర్చోవాల.
తొమ్మిదికి ఆ పెద్దాయన లేచె.
మెట్ల మీద బొరుగులు తింటా కూర్చునె.
లోపల నలుగురూ వెన్ను నిటారుగా పెట్టిరి.
పేరు దాచినారు సరే,
ఖాళీ కుర్చీని యాడ దాస్తారు?

పదకొండులో ఒకామె ఉత్తరం విప్పుతాది.
మాటల్లేవు. ఊపిరే.
అప్పుడే మా గూడ్సు.
యాభై ఎనిమిది పెట్టెలు, గోడలు అదిరేటట్టు,
ఆమె కన్నీళ్ళ మీదుగా బళ్ళారి పోయె.
"ఇంకోసారి వెయ్యొచ్చునా?" అనె ఒక జడ్జీ.
వకుళమ్మ నిబంధనల పుస్తకం నాలుగుసార్లు తిరగేసె.
వెయ్యమని లేదు. వద్దనీ లేదు.
వేసినా.
రెండోసారి రైలు రాలేదు. నాకెందుకో వెలితిగా ఉండె.

ఆరోనాడు, సంగటి తిన్నాక, ఇరవైమూడు.
సైకిలు వెనక ఐసు దిమ్మ కట్టుకుని పోయే పిల్లోడు.
పెండ్లింటికి ఇయ్యాల. పద్నాలుగు కిలోమీటర్లు.
గోనెపట్ట కింద నుంచి చుక్కా చుక్కా
రోడ్డు మీద గీత, గీసిన వెనకనే ఆరిపోతా.

ఇరవై నిమిషాలైనాక ఐదు చేతులూ లేస్తే
బొమ్మ ఆపొచ్చు. పుస్తకంలో ఉండాది.
నాలుగు లేచినాయి.
ఐదో ఆయన కండ్లద్దాలు తుడిచె, మళ్ళా తుడిచె,
ఎత్తె.
పిల్లోడు పెండ్లింటి ముందర దిగినాడు,
గోనెపట్ట అంచు పట్టినాడు,
మీట నొక్కినా.

ఆ రాత్రి సామాను జీపెక్కకముందే
ఒక్కన్నే కూర్చుని మిగిలింది చూసినా.
తప్పే. సంతకం పెట్టిన కాగితంలో ఉంటాదేమో, చదవలేదు.
జడ్జీల కుర్చీలో కాదు,
నేలటికెట్టులో, కాళ్ళు చాపి.
కడాకు నలుపు వచ్చె.
తొమ్మిది సెకండ్లు.
ముగ్గురుంటారు. ఎక్కువంటే నలుగురు.

నాలుగు నెలలకు టీ అంగట్లో టీవీ.
పదకొండుకు పేరొచ్చె. శబ్దానికి బహుమతి వచ్చె.
"సగం మన గూడ్సుదే" అంటి, ఎవురికీ అర్థం కాలే.
ఇరవైమూడు నాకు ఇంకా ఇరవైమూడే.

అంగడి మద్దిలేటి అడిగె,
"అన్నీ చూస్తివి గదప్పా, యాది బాగుండె?"
సంతకం పెట్టినా అబ్బా.
ఇంతవరకు చెప్పిందే ఎక్కువ.
ఐసు ఎంత మిగిలిందో చెప్పగూడదు.

చెయ్యి మాత్రం బల్ల మీద
ఇంత, అని చూపబోయి
గ్లాసు పట్టుకునె.