నానబెట్టిన ఓట్లు

మహబూలాల మా గల్లీ చుట్టూ ఇనుప కంచె ఏసి
ఇయ్యాల్టికి ముప్పై నాలుగు దినాలు.
కంచెకు అవతల సముద్రం ఉన్నది.
మాకు వాసనే వస్తది,
అది సుత మాస్కు దీస్తే.

రేషన్ మాత్రం ఆగలే.
బియ్యం, పప్పు, నూనె, కుబ్బూసు
కంపెనీ వ్యాను గేటుకాడ దించి పోతది.
లోపలికొచ్చినంక మూటలు సన్నబడుతయి.
స్టోరు తాళంచెవి సూపర్‌వైజర్ మనిషి మొలతాడుకు.
మూడో అంతస్తుకు నూనె అందక ఎన్ని దినాలైందో
వాళ్ళ చపాతీలనడుగు.

"ఎలక్షన్ పెడదాం" అన్నడు భూమేశ్.
నవ్వినం.
ఫోన్ల సూపర్‌వైజర్ సుత నవ్విండు:
"రోగం తిరుగుతాంటే ఓట్లేందిర?
తాళం ఎవరికియ్యాల్నో నేను జెప్త."
దానికి బేల్దారి లస్మన్న నిమ్మళంగ అన్నడు,
"రోగమొచ్చినప్పుడే గద సారూ,
తాళం ఎవని మొలకున్నదో సూసుకోవాల్సింది."

పన్నెండేండ్లాయె నేను ఓటేయక.
ఓటుకు ఊరికి పోవాలంటే
విమానం టికెట్టు రెండు నెలల జీతం.
లిస్టుల నా పేరున్నదని మా ఆమె ఫోన్ల జదివింది ఒకసారి.
ఫోటోల నా మీసం ఇంక నల్లగనే ఉన్నదట.

మెట్‌పల్లి పోశెట్టికి శనగ గింజ.
రాయచోటి మస్తాన్‌వలికి బొబ్బర గింజ.
మనిషికి రెండూ ఇచ్చినం.
గుడ్డ గప్పిన గంజుల ఒకటెయ్యాలె,
రెండోది ఎవరికీ సూపకుండ నమిలి మింగాలె.
మెట్లమీద ఆరడుగులకో మనిషి.
ఓటేసినోని ఎడమచేతి గోరుకు
పైపులమీద నంబర్లు రాసే నీలం మార్కరు.
నేపాలీ తాపాకు ఆ ఇద్దరూ అంతగ తెల్వదు,
అయినా అంగీ ఇస్త్రీ జేసుకొని ఒచ్చిండు
గుప్పిట మూసి, పెండ్లిల కట్నం సదివిచ్చేటోని తీరు.

అరవై ఒక్క ఓట్లు పడ్డయి.
అరవై రెండోది డాబా మీది గదిల
జరంతోని పండుకున్నది.

"ఒక్కటే గద, ఇడిసిపెడదాం."
"కిటికీలకెళ్ళి పేరు జెప్పుమనుండ్రి."
కింద నిలవడి కేకేసినం.
రాజలింగం చానసేపు దగ్గిండు.
దగ్గు తెగినంక
"పేరు జెప్ప. గింజలు పంపుండ్రి" అన్నడు.

తాడుకు కట్టిన టిఫిన్ డబ్బాల
రెండు గింజలు, ఒక మార్కరు పైకి పోయినయి.
గోరుమీద గీత తనకు తనే గీసుకున్నడు.
డబ్బా మూతతోని దిగొచ్చింది.
దిగొచ్చినంక భయం. ఎవరు ముట్టుకోవాలె?
డబ్బాల మసిలే నీళ్ళు పోద్దామంటే
మాలో అందరికన్న చిన్నోడు అంజి అన్నడు:
"నానిన గింజ ఒక్కటే ఉంటే
రాజన్న ఓటేదో అందరికి తెలుస్తది గదనే."

జరసేపు ఎవ్వరం మాట్లాడలే.
లస్మన్న లేచి స్టవ్వు మీద పెద్ద గిన్నె బెట్టిండు.
గుడ్డ సందుల డబ్బా బోర్లించి
గంజు నిండ మసిలే నీళ్ళు వంచినం,
అందరి ఓట్లమీద.
తెల్లారేసరికి అన్నీ ఒక్కతీరుగ ఉబ్బినయి.

మస్తాన్‌వలి. నాలుగు గింజలు ఎక్కువ.
పోశెట్టి మళ్ళ లెక్కబెట్టమన్నడు. బెట్టినం.
ఇంకోసారి అన్నడు.
అప్పటికే పోపుల ఎండు మిరపకాయ ఘాటు లేచింది.
గుగ్గిళ్ళు!
ఓడినోని పళ్ళెంల గెలిచినోడు రెండు గంటెలు ఎక్కువేసిండు.
ఒక గిన్నె తాడు పట్టుకొని డాబాకెక్కింది.
సూపర్‌వైజర్ మనిషి తాళంచెవి మెట్లమీద ఇసిరి పోయిండు,
మేం సానిటైజర్ కొట్టి తీసుకున్నం.

కంచె ఎత్తేసినంక మళ్ళ పనికి ఎక్కినం.
రాజలింగం జర సన్నగైండు,
పైపుకు ఆ కొస అతను, ఈ కొస నేను.
లిఫ్టుల ఇద్దరమే ఉన్నం గదాని అడిగిన,
"ఎవరికేసినవే?"

ఎడమచెయ్యి జాపిండు.
గోరు పెరిగి పెరిగి
నీలం గీత కొసకు జరిగింది.
ఇంకో వారమైతే కత్తిరించుకుంటడు.