ఇరవై గళ్ళు

రాత్రి పదిన్నర దాటితే
కింది వాటా రాజమ్మాళ్ ఫోను జోలికి రాదు.
రిచ్చీ స్ట్రీట్‌లో గీచి గీచి బేరమాడి కొన్న పాత మోడెమ్
గొంతు సవరించుకుంటుంది,
పోపులో ఆవాల్లా చిటపటలాడి, కీచుమని,
ఉన్నట్టుండి ఊరుకుంటుంది.
అయనావరంలో ఎవరో తలుపు తీసినట్టు.

'స్వాగతం, భగవతుల కనకం.'

పోస్టులో పంపిన ఫారం మీద పూర్తిగానే రాశాను,
నూటయాభై రూపాయల మనియార్డరు కూపన్లోనూ రాశాను
భగవతుల కనకమహాలక్ష్మి అని.
అక్కడ పేరుకి ఇరవై గళ్ళేనట.
కనకం లోపలికొచ్చింది.
మహాలక్ష్మి గుమ్మం బయటే ఉండిపోయింది.

మెనూలో వై నొక్కితే ఒక గది,
మీ ఇష్టాలు మీరు మార్చుకోండి అంటుంది.
రేషన్ కార్డు వాళ్ళు కూడా
నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు.

తెరకి ఎన్ని వరుసలు? ఇరవై నాలుగు.
పేజీ నిండగానే ఆగాలా?
ఆగాలి. పరాయివాళ్ళ థీసిస్‌లు
నిమిషానికి అరవై మాటల చొప్పున కొట్టే వేళ్ళు నావి,
నాకోసం చదువుకునేది మాత్రం నింపాదిగానే.
రంగులు కావాలా?
నా మానిటర్‌కి తెలిసింది పండు నిమ్మకాయ రంగొక్కటే.
అయినా కావాలన్నాను.
వాళ్ళు ఎరుపు పంపిన చోట
ఎరుపే అనుకుని చదువుకుంటాను.
భాష? ఒకటి, ఇంగ్లీషు.
రెండోది లేదు. ఒకటి నొక్కమంది, నొక్కాను.
మీరు ఆరితేరినవారా?
అవునంటే మెనూలు తీసేస్తారట,
దారి తెలిసినవాళ్ళకి బోర్డులెందుకని.
ఏడాదిగా వస్తున్నా, బోర్డులుండనీ అన్నాను.

మిమ్మల్ని కబుర్లకి పిలవచ్చా?

అక్కడ ఎప్పట్నుంచో 'వద్దు' అని ఉంది.
ఎవరు పెట్టారో, నేనే అయుంటాను.
ఆ రాత్రి ఎందుకో 'సరే' చేశాను.

నిమిషం తిరక్కుండా తెర మధ్యలో ఒక అడ్డగీత.
దాని కింద ఒక్కొక్క అక్షరం, బియ్యంలో రాళ్ళేరినట్టు.
ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు మాటలు:
'నా పేరు దేవరాజులు. ఈ బోర్డు నాదే.
మా ఇంట్లో తెలుగే మాట్లాడతాము.
సదవను రాదు, రాయను రాదు.'

తర్వాత ఏదో కొట్టాడు. చెరిపాడు.
మళ్ళీ నాలుగక్షరాలు. చెరిపాడు.
ఫోన్లో అయితే లైను పోయిందనుకుంటాం,
ఉత్తరంలో అయితే చించేసిన కాగితం మన దాకా రాదు.
ఇక్కడ మనిషి తటపటాయింపు
కళ్ళెదుటే నడుస్తుంది,
కర్సర్ వెనక్కి, ఇంకా వెనక్కి.

చివరికి:
'మీ పేరు తెగిపోతా ఉండాది.
సానా దినాలుగా చూస్తా ఉండాను.
గళ్ళు పెంచినాను. కొట్టి చూడండి.'

ఇంకా పదకొండు నిమిషాల టైముంది నాకు.
కొట్టాను. మహాలక్ష్మి దాకా వచ్చాను.
దాచమంటారా అని అడిగేలోపు
కింద రాజమ్మాళ్ రిసీవరెత్తింది,
'హలో? యారు? హలో?'
తెర నిండా పిచ్చి గీతలు,
ఆ పైన ఏమీ లేదు.

మర్నాడు రాత్రి మళ్ళీ 'స్వాగతం, భగవతుల కనకం.'
మళ్ళీ అదే గది. మళ్ళీ కొట్టాను,
ఈసారి లెక్కపెట్టుకుంటూ.
ఇంటిపేరు పన్నెండు.
ఖాళీ ఒకటి.
కనకమహాలక్ష్మి పదిహేడు.
చివరి 'ఐ' కొట్టగానే
గోడ తగిలినట్టు ఆగింది కర్సర్.
ముప్పై.
యాభై పెట్టచ్చు, వంద పెట్టచ్చు, అతని ఇష్టం.
సరిగ్గా ముప్పై.

ఏ రాత్రో అయనావరంలో
తెలుగు చదవడం రాని మనిషొకడు
నా ఫారం ముందేసుకుని
నా పేరు వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

ఎస్ నొక్కాను, గబగబా.
కింద రాజమ్మాళ్ గదిలో
లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.