కుచ్చిళ్ల ఆకు

మూడు తెల్లకోట్లు, రెండు జాకెట్లు,
ఒక దిండుగలీబు కుట్టించుకుని
నూట నలభై తక్కువిచ్చింది బినోదిని నర్సు.
ఆ తక్కువకి బదులుగా
మూతలేని హార్లిక్స్ డబ్బాలో
మట్టితో సహా ఒక వేరుముద్ద.
"చచ్చిపోదు. ఏటేటా తనే వస్తుంది" అంది,
సగం ఒడియా, సగం మన తెలుగు.

పేరేమిటంటే నవ్వింది.
తనకిచ్చిన జర్మనీ డాక్టరమ్మ ఏదో అనేదట,
దొరసాని దుప్పటనో, శాలువా అనో.
నోరు తిరగదంది.
పద్దుపుస్తకంలో ఇలా రాసుకున్నాను:
నర్సమ్మ – బాకీ 140 – మొక్క.

సిమిలిగుడలో మా కుట్టుకొట్టు వెనక
నీళ్లతొట్టికీ గోడకీ మధ్య జానెడు చోటు.
మధ్యాహ్నం దాటితే ఎండ అటు తొంగిచూడదు.
అక్కడ పాతి, మర్చిపోబోతుంటే
మొదటి ఆకు వచ్చింది,
మడతలతోనే పుట్టింది!

ముప్ఫై ఏళ్లుగా కుచ్చిళ్లు పెడుతున్నదాన్ని,
ఇస్త్రీపెట్టెతో, గుండుసూదులతో,
పళ్ల మధ్య దారంతో.
దీనికెవరు నేర్పారు?
తొమ్మిది కుచ్చిళ్లు. లెక్కపెట్టాను.
అంచు చుట్టూ పీకో కూడా చేసుకునే వచ్చింది.
దుప్పటికి కుచ్చిళ్లెందుకమ్మా,
నేనైతే పరికిణీ అంటాను.

తెల్లారి చూస్తే పీకో పంటికొకటి చొప్పున నీటిపూస.
మంచే అనుకున్నాను.
మంచు కురవని రాత్రి కూడా, అవే పూసలు.
కుందులి సంతకి అల్లం మోసుకెళ్తూ
రవికె గుండీ కోసం ఆగిన సుక్రి చెప్పింది:
"తాగింది ఎక్కువైతే అంచుల్లోంచి కక్కుతుంది,
మా వరినారు కక్కదూ?"
ఇన్నేళ్లూ వరి పక్కనే బతికాను.
ఒక్క పొద్దూ వంగి చూడలేదు.

ఆకు మీద చెంబుతో పోసి చూశాను.
పగిలిన థర్మామీటరులో పాదరసంలా
అటూ ఇటూ దొర్లి, నడిమి మడతలో ఆగింది నీరు.
ఆకు తడవలేదు.
తాకిన వేలు తడిసింది.

పూసింది కూడా. రేకుల్లేవు,
పచ్చిపసుపు నురగ చిందినట్టు ఏదో.
"ఇదీ ఒక పువ్వేనా?" అన్నాడు మిషను బాగుచేసే గౌరయ్య,
అని, వెళ్తూ వెళ్తూ ఒక రెమ్మ
చొక్కాజేబులో పెట్టుకున్నాడు.

ఏప్రిల్ ఆఖర్న అంచుల్నించి కాలడం మొదలుపెట్టింది
బీడీలాగ, నెమ్మదిగా.
మే నెలలో అక్కడ ఏమీ లేదు.
కోత ముక్కలు, అస్తరు పేలికలు
ఆ చోటు మీదికే ఊడ్చాను.
కోపంతో అని మాత్రం ఒప్పుకోను.
నర్సమ్మకి నవరంగపూర్ బదిలీ అయింది.
నూట నలభై మీద గీత కొడదామని పెన్ను తీశాను,
ఎవరో జాకెట్టు కొలతకొచ్చారు.

దేవమాలి మీది మబ్బు
కొట్టు గుమ్మం దాకా దిగిన పొద్దున
చెత్తలో నీలి పాప్లిన్ పేలికొకటి లేచి నిలబడుంది.
కింద, వేలెడంత మడత.
నేతని చింపలేదది.
పోగుల్ని పక్కకి జరుపుకుని వచ్చింది,
సూది ఎలా వస్తుందో అలాగే.
చేతిలో టేపు ఉంది కదాని కొలిచాను:
అంగుళం పావు.

నాలుగో ఏడు తొట్టి వైపు ఒరిగి, ఇరుకైపోయింది.
గుడ్డకి పనికిరాని పాత కత్తెరతో
వేరుముద్దని నాలుగు చేశాను.
కత్తెర కిర్రుమన్నప్పుడు కళ్లు మూసుకున్నాను.
సుక్రికొకటి. గౌరయ్యకొకటి, అడక్కపోయినా.

ఆ వారమే నవరంగపూర్ బస్సు కండక్టరు
కవరు తెచ్చాడు, నర్సమ్మ పంపిందని.
సరిగ్గా నూట నలభై.
విప్పి లెక్కపెట్టి, మళ్లీ అంటించి,
మూడో ముద్దని అదే హార్లిక్స్ డబ్బాలో పెట్టి
రెండూ వెనక్కిచ్చాను.
"చిల్లర లేదా అమ్మా?" అన్నాడు పాపం.

ఉగాదికి పద్దుపుస్తకం మారుస్తాను.
తీరని బాకీలు కొత్తదాంట్లోకి ఎక్కించాలి కదా,
అన్నిటికన్నా ముందు, కొత్త సిరాతో:
నర్సమ్మ – 140 – మొక్క.