తాడు చెరిపే పని

మోంట్రియల్‌లో జనవరి. కిటికీ బయట
మంచు గీకే బండి గరగరమంటూ పోతోంది.
లోపల, చీకటి గదిలో, ఓడీల్
ఒక ఉక్కు తీగను తుడిచేస్తోంది.

షాట్ నూట పద్నాలుగు:
ఐదో అంతస్తు నుంచి నెమ్మదిగా, స్లో మోషన్‌లో, ఒక స్త్రీ.
రెండువందల ఆరు ఫ్రేములు.
ఆమె నడుముకు కట్టిన తీగ
ఫ్రేము ఫ్రేముకీ వెంట్రుకవాసి జరుగుతుంది.
దాని వెంటే ఓడీల్ జరుగుతుంది.
పక్క ఫ్రేములోంచి గుప్పెడు ఆకాశం తెచ్చి
ఇక్కడ అతుకు వేస్తుంది.
అతుకు కనపడిందా, పని చెడినట్టే.

మధ్యాహ్నానికల్లా
ఆ స్త్రీ దేనిమీదా ఆధారపడకుండా పడుతోంది.
కాఫీ చల్లారిపోయింది.

నూట ముప్ఫై ఒకటో ఫ్రేములో
అంచున ఒక చెయ్యి దొరికింది.
తోలు చేతొడుగు, బొటనవేలి దగ్గర చిరుగు,
తీగ రెండో కొస పట్టుకుని వెనక్కి ఒరిగిన మనిషి.
పెద్దది చేసి చూసింది.
పిక్సెళ్ళు పగిలి మొహం ఆనలేదు,
బిగించిన దవడ ఆనింది.

అతన్నీ తీసేసింది.
చుట్టూ గీత గీసి, మాస్క్ వేసి,
వెనక ఇటుక గోడను ఒక్కో వరసా మళ్ళీ పేర్చి.

సాయంత్రం ఫ్లోరాన్ వచ్చి మూడుసార్లు తిప్పి చూశాడు.
"శుభ్రంగా ఉంది. పంపించెయ్."

గోడ మీద అతని నీడ ఉంది.
నాలుగు ఫ్రేములు. రెప్పపాటైనా కాదు.
ఓడీల్ బ్రష్ సైజు తగ్గించింది,
పెంచింది, మళ్ళీ తగ్గించింది,
పంపే మీట నొక్కి కోటు తొడుక్కుంది.

ఇంటి బయటి ఇనప మెట్ల మీద మంచు గడ్డకట్టింది.
రెయిలింగు పట్టుకునే
ఎక్కింది.